ముప్ఫై మూడో కుండీ

కట్టుడు పళ్ళు చేసి పొట్టపోసుకునే మనిషికి పాత సిమెంటు కుండీల పిచ్చేమిటని ఎవరైనా అడిగితే, పళ్ళాయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "పళ్ళు ఎవరి నోట్లోకో పోతాయి. ఇవి నా కళ్ళెదుటే ఉంటాయి." పగిలిన టైల్స్ ముక్కలు ఏరి, తడి సిమెంటులో ఒక్కొక్కటే అద్ది చేసిన తోట కుండీలవి. ఇప్పుడు చేసేవాళ్ళు లేరు. అలాంటివి ముప్ఫై రెండు పోగేశాడు. వరండా నిండింది, మెట్లు నిండాయి, మేడ మీద బట్టలారేసుకునే చోటు కూడా పోయింది.

ఒక్కదాంట్లోనూ మొక్క లేదు. వేళ్ళు టైల్స్‌ను ఊడబెరుకుతాయట. అతని ఇల్లాలేమో కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది! పదకొండేళ్ళుగా ఖాళీ కుండీలను తప్పించుకుంటూ వెళ్ళి, పిల్లలకు వేళ్ళ గురించి పాఠం చెప్పి, మళ్ళీ ఖాళీ కుండీల మధ్యకే వస్తోంది. ఒకసారి ఓ గులాబీ కొమ్మ గుచ్చితే, ఈ మహానుభావుడు రెండు రోజులు అలిగి భోజనం మానేశాడు. మూడో రోజు కళ్ళు తుడుచుకుంటూ ఆవిడే పీకేసింది.

ముప్ఫై మూడోదాని మీద అతని కన్ను పడి నాలుగేళ్ళు. వీధి చివర టైలరమ్మ గుమ్మం ముందుంది. నడుమెత్తు, బానపొట్ట, ఇరుకు మెడ, పొట్ట చుట్టూ ఆకుపచ్చ ముక్కలతో చేపల వరస. లోపల ముప్ఫయ్యేళ్ళ కాగితంపూల చెట్టు.

టైలరమ్మ కొట్టు పై అంతస్తుకు మారుస్తోంది. "కుండీ నువ్వే పట్టుకుపో అబ్బాయ్. ఆ బండను మెట్ల మీద ఎవడు మోస్తాడు? చెట్టు మాత్రం ప్రాణాలతో నా చేతిలో పెట్టాలి," అంది.

ఇంకొకడైతే సుత్తి తెచ్చేవాడు. మనవాడు పళ్ళ పనిముట్ల డబ్బా తెచ్చాడు. పొద్దున్నే కుండీ మూతి మీదికి వంగి, గొట్టంతో నీళ్ళు కొడుతూ, కొక్కెంతో పిసరు పిసరు మట్టి లాగాడు. ముళ్ళు చేతులంతా గీరినా కిక్కురుమనలేదు. దారిన పోయేవాళ్ళు ఆగి, "ఏం సార్, చెట్టుకు పళ్ళు కడుతున్నారా?" అని పరాచికాలాడారు. మధ్యాహ్నానికి చెట్టు, పెద్ద వేరొక్కటీ తెగకుండా, టైలరమ్మ బకెట్లోకి దిగింది.

పళ్ళాయన మీసం మెలేశాడు. కుండీని రెండు చేతులా పట్టుకుని ఇలా కదిపాడో లేదో, అది నాలుగు చెక్కలై కూలింది. చేపలన్నీ బురదలో పడ్డాయి.

"ఎప్పుడో బీటలిచ్చింది కదయ్యా," అంది టైలరమ్మ తాపీగా. "స్కూటరు గుద్దింది. అప్పట్నించీ వేళ్ళే పట్టి నిలబెట్టాయి."

"ముందే చెప్పొచ్చుగా పిన్నీ!"

"అడిగితేగా? నాలుగేళ్ళు దాని చుట్టూ తిరిగావు. ఏనాడైనా చెట్టు వంక చూశావా?"

పళ్ళాయన నడివీధిలో, సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికొచ్చి, కుండీలన్నిటినీ వేలితో కొట్టి చూసుకున్నాడు. వాటిలో ఐదు బీటలున్నట్టు బొంగురుగా పలికాయి. జరిగిందంతా ఇల్లాలికి చెప్పి, గొంతు తగ్గించి అడిగాడు. "వీటిల్లో మొక్కలు వేస్తావా?"

ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు, పదకొండేళ్ళ కోపం వచ్చింది.

"మీక్కావలసింది మొక్కలా, కుండీలకు కట్లా?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఆవిడ మొహం చూసి మానుకున్నాడు.

"కట్లే," అన్నాడు.

ఆవిడ చీర కొంగు నడుముకు దోపుకుంది.

"పోన్లెండి. మీరెందుకు వేయించారో మొక్కలు అడగవు. వెళ్ళి మట్టి తీసుకురండి. ఐదింటికి కాదు, ముప్ఫై రెండింటికీ."