ఏడో దరఖాస్తు

పాల మిషను తగిలించే ముందు దాగ్రోస్ ఆవు పొదుగు తడిగుడ్డతో తుడుస్తుంటే సిగ్రూన్‌కి మళ్లీ ఆ ట్రామ్ కనిపించింది. ఆవు వెచ్చటి డొక్కకు నుదురు ఆనిస్తే చాలు, కళ్లు మూసుకోకపోయినా వస్తుంది. బెర్గెన్ నగరపు వాన, తడిసి మెరిసే పట్టాలు. తను మీట కదిపితే తలుపులు తెరుచుకుంటాయి. గొడుగులు దులుపుకుంటూ జనం ఎక్కుతారు. వంట ఏమిటని ఎవరూ అడగరు. ఎవరి ఇంటి దగ్గర వాళ్లను దించుతూ తను సముద్రం పక్కగా పోతూనే ఉంటుంది.

"ముందు వెళ్లి సామాను సర్దుకుందాం. నీ ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాంలే" అని మొగుడు హల్వార్ చలికాలం నుంచీ అంటున్నాడు. వచ్చే అక్టోబరులో ఆవుల్ని అమ్మేసి ఈ దీవి వదిలి బెర్గెన్ పోదామన్నదీ అతనే. అతని అన్న పనిచేసే ఓడల కార్ఖానాలో అతనికి చోటు సిద్ధంగా ఉంది. సిగ్రూన్‌కి మాత్రం సామానులో సామానుగా వెళ్లాలని లేదు. లారీ కదిలేలోపు ఆ ఊళ్లో తన పేరున ఒక పని ఉండాలి. అందుకే బంగాళాదుంపలు ఉడికేలోపు వంటింటి బల్ల మీద కంప్యూటర్ తెరిచి, వారానికొకటి చొప్పున ఆరు దరఖాస్తులు పంపింది. అనుభవం అన్నచోట ఏం రాయాలని మొదట్లోనే మొగుణ్ణి అడిగింది. "గృహిణి అని రాయి, అబద్ధం కాదుగా" అన్నాడు. ఆరింటికీ జవాబు లేదు.

ఏడోది ట్రామ్ కంపెనీకి. వాళ్లే నేర్పించి తీసుకుంటారట. ఈసారి ఎవర్నీ అడగలేదు. అనుభవం, ఇరవై రెండేళ్లు. రెండు పూటలా పాలు పితకడం, వాలు పొలంలో, పొగమంచులో ట్రాక్టరు నడపడం. యజమాని పేరు అన్నచోట కాసేపు ఆగింది. భూమీ, ఆవులూ, ట్రాక్టరూ ఎవరి పేరున ఉన్నాయో ఆ పేరే రాసి, ఫోన్ నంబరు వేసింది. పాత యజమానికి ఫోన్ చేసి అడగనిదే ఇక్కడ ఎవరూ పనిలో పెట్టుకోరు.

"ట్రామా?" అంది అత్తగారు బోర్గిల్, వారం తర్వాత ఒకరోజు వాకిలికి అవతలున్న చిన్నింట్లోంచి కాఫీకి వచ్చి. "ఆవుల్ని అదిలించినట్టు జనాన్ని అదిలించావంటే మధ్యలోనే దిగిపోతారమ్మాయ్!"

అప్పుడే హల్వార్ ఫోన్ మోగింది. ట్రామ్ కంపెనీ వాళ్లు.

"ఆఁ, హల్వార్‌నే. యజమానా?" గట్టిగా నవ్వాడు. "మా ఆవిడండీ. ఏదో నాకు సాయం చేస్తుంటుంది."

సిగ్రూన్ కుళాయి కట్టేసింది. వీపు అటే పెట్టి నిలబడింది.

"పొద్దున పాలా? తనే. ఐదున్నరకి. సాయంత్రమా... అదీ తనేనండీ. నేను జనవరి నుంచి ఏప్రిల్ దాకా చేపల పడవ మీదుంటాను కదా. ట్రాక్టరా? ఎక్కువ తనే." నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. "సెలవులా? ఎన్ని రోజులంటే..."

తల్లి వైపు చూశాడు. ఆవిడ కప్పులోకి చూస్తూ చెప్పింది. "పది రోజులు. నా మనవరాలు ఇంగ్రిడ్ పుట్టినప్పుడు. అప్పుడు నేను పితికాను. అదీ ఎవరూ రాసుకోలేదు."

"ఇరవై రెండేళ్లలో పది రోజులండీ" అన్నాడు హల్వార్. పరాయి ఇంటి గోడ మీది రాత చదువుతున్నట్టుంది గొంతు.

ఫోన్ పెట్టేసి కాఫీలోకి పెట్టిన వాఫుల్ అట్టు ముక్క తుంచాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. "తీసుకుంటారట. ఆగస్టు ఒకటిన శిక్షణ. అక్టోబరు దాకా ఆవులున్నాయిగా, కుదరదని నేను చెప్పేస్తాలే."

"నువ్వెందుకు చెప్పడం?"

చేతులు తుడుచుకుని, బల్ల మీది ఫోన్ తీసి అదే నంబరు నొక్కింది. కిటికీ బయట, ఈ ఉత్తరపు కొసన వేసవిలో నెలంతా మునగని సూర్యుడు సముద్రం మీద మెత్తగా పరుచుకుని ఉన్నాడు. పట్టాల మీద వాన చప్పుడు ఆమెకు స్పష్టంగా వినిపించింది.

"నేను సిగ్రూన్‌ని. ఆగస్టు ఒకటికి వస్తాను."

"మరి ఆవులు?" అన్నాడు హల్వార్.

"రేపు ఐదున్నరకి లే, నేర్పుతాను. ముందు దాగ్రోస్ దగ్గర మొదలుపెట్టాలి. లేకపోతే అలుగుతుంది."