బస్టాపుల్లో ఆగే సైకిలు

డిపోలో అతన్ని అందరూ గడియారం అని పిలిచేవారు. అది వెక్కిరింత కాదు, బిరుదు. బస్సు బయలుదేరే వేళ అయిందంటే సొంత మామగారు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి ఉన్నా సరే, రెండో కాలి సంగతి ఆయన చూసుకోవాల్సిందే. ఆలస్యమంటే అతనికి తల కొట్టేసినట్టుండేది. ముందు పోయే లారీ కాస్త నెమ్మదించిందా, మెడ నరాలు బిగుసుకుపోయి మొహం కందగడ్డయ్యేది.

అలాంటి గడియారాన్ని డిపో డాక్టరమ్మ ఒక్క మాటతో ఆపేసింది.

"బీపీ కొండెక్కి కూర్చుంది. బస్సు నిండా జనాన్ని మీ చేతుల్లో పెట్టలేను. మూడు నెలల్లో తగ్గించుకుని వస్తే మీ స్టీరింగు మీకిస్తాను. అందాకా డిపోలో టైర్ల గోదాము పని. తగ్గలేదా, రిటైరయ్యేదాకా అదే."

స్టీరింగు లేకపోతే తానెవరో అతనికే తెలియదు. ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అతని భార్య చంటిపిల్లల బడిలో టీచరు. మారాం చేసేవాళ్ళను దారికి తేవడం ఆవిడకు రోజూ ఉన్న పనే. మెట్ల కింద పడి ఉన్న తన పాత సైకిలు బయటికి లాగి, దుమ్ము దులిపి, అతని ముందు నిలబెట్టింది. దానికి ముందొక బుట్ట, హ్యాండిలుకు చిట్టి గంట, పైగా గులాబీ రంగు సీటు.

"దీనిమీద నేనా? డిపోలో నా పరువేం కాను?"

"నడవమంటే మోకాళ్ళంటారు, పరిగెత్తమంటే పరువంటారు. స్టీరింగు కావాలో పరువు కావాలో మీరే తేల్చుకోండి."

తేల్చుకున్నాడు.

మొదటి రోజే ఒక చిక్కొచ్చి పడింది. అలవాటైన తన రూటులోనే గోదాముకు బయలుదేరాడా, మొదటి బస్టాపు రాగానే అతని ప్రమేయం లేకుండా చేతులు బ్రేకులు నొక్కేశాయి. సైకిలు ఎంతో పద్ధతిగా రోడ్డంచుకు వచ్చి ఆగింది. స్టాపులో ఉన్నవాళ్ళు అతన్ని చూశారు, అతను వాళ్ళను చూశాడు. తాను కండక్టరు గంట కోసం ఎదురుచూస్తున్నానని కాసేపటికి గాని అతనికి వెలగలేదు. నాలుక కరుచుకుని ముందుకు తొక్కాడు. తర్వాతి స్టాపులోనూ ఇదే తంతు. మలుపుల దగ్గరైతే మరీ ఘోరం. వెనకాల బారెడు బస్సు ఉన్నట్టు రోడ్డంతా ఆక్రమించి తిరిగేవాడు.

నవ్వేవాళ్ళు నవ్వారు. "అన్నయ్యా, నీ బుట్టలో సీటు ఖాళీ ఉందా?" అని అతని బస్సు కండక్టరమ్మ రోజూ ఆటపట్టించేది. అతను మూతి ముడుచుకుని గోదాములోకి పోయి టైర్ల మధ్య కూర్చునేవాడు. బయట ఏ హారను మోగినా అది ఏ బస్సుదో చెప్పగలడు. తన బస్సు హారను మోగినప్పుడు మాత్రం ప్రాణం ఉసూరుమనేది.

అయితే సైకిలు తన పని తాను చేసుకుపోయింది. మెట్లెక్కితే ఆయాసం రావడం మానేసింది. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. ఆకలి అంటే ఏమిటో మళ్ళీ తెలిసొచ్చింది. అన్నిటికంటే వింత, భార్య మీద కసురుకోవడం మర్చిపోయాడు. పొద్దున్నే చల్లగాలి మొహానికి కొడుతుంటే ఈల కూడా వేసేవాడు. ఇన్నేళ్ళూ తిరిగిన రోడ్డే, దాని పక్కన ఒక కాలువ పారుతోందని ఇప్పుడు గాని చూడలేదు. సంతోషంగా ఉన్నాడు, కాకపోతే ఆ మాట ఒప్పుకోవడానికి మొహమాటం.

స్టాపుల్లో ఆగే జబ్బు మాత్రం కుదరలేదు. కాలువ మలుపు దగ్గర స్టాపులో ఒక పెద్దావిడ తరచూ కనిపించేది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. వచ్చి ఊరికే ఆగే ఈ సైకిలు మనిషి ఎవరు, ఏమిటి అని ఆవిడ అడగలేదు. మాట్లాడటానికి ఒక మనిషి దొరికాడు, అంతే చాలు.

మూడు నెలలు గడిచి, డాక్టరమ్మ పరీక్ష చేసే రోజు పొద్దున కూడా ఆగాడు. ఆవిడ మంచి హుషారుగా ఉంది.

"ఈ మధ్య పనికి వేళకి వెళ్తున్నా బాబూ. ఇదివరకు ఈ బస్సు ఒక రాక్షసుడు తోలేవాడు. నేను ఎక్కొచ్చే బస్సు కాస్త లేటయిందా, ఈ మోకాళ్ళతో రోడ్డు దాటుతూ చెయ్యెత్తితే, వాడు అద్దంలో చూసి మరీ కదిలించేవాడు. వాడి మొహమెలా ఉంటుందో కూడా నాకు తెలీదు, కిటికీలోంచి మోచెయ్యి ఒక్కటే కనబడేది. లేటుగా వెళ్తే మా సూపర్‌వైజరు గుమ్మంలోనే నిలబెట్టి కడిగేస్తాడు. దుప్పట్లని కూడా మేం అంత కడగం! ఇప్పుడొచ్చే అబ్బాయి ఆగుతాడు. ఆ రాక్షసుడు మళ్ళీ రాకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నా."

అతను గబుక్కున మోచెయ్యి ఒంటికి దగ్గరగా లాక్కున్నాడు. ఆ ఎత్తిన చెయ్యి అతనికి బాగా గుర్తుంది. అద్దంలో ఎన్నోసార్లు చూశాడు, దాని వెనక ఒక మనిషి ఉందని మాత్రం ఏనాడూ అనుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సైకిలెక్కి, ఎవరో తరుముతున్నట్టు డిపోదాకా తొక్కాడు.

అలా రొప్పుతూ పోయి కూర్చుంటే బీపీ ఎలా ఉంటుంది? డాక్టరమ్మ చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, పెదవి విరిచింది. అతని ముక్కుకు అప్పుడే గోదాములోని రబ్బరు వాసన తగిలింది.

"పరిగెత్తుకొచ్చారా ఏంటి?"

"సైకిలు మీదండీ."

"కాసేపు అలా కూర్చోండి. ఏమైంది, మొహం అలా ఉంది?"

చెప్పకూడదనుకున్నాడు గాని, నోరు తెరిచాక ఆగలేదు. స్టాపుల్లో ఆగడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మరీ నవ్వింది, అతనూ నవ్వాడు. ఇస్త్రీ ఆవిడ సంగతికి వచ్చేసరికి నవ్వు ఆపి తల దించుకున్నాడు.

"ఆ రాక్షసుణ్ణి నేనేనండీ. నేను రాకూడదని ఆవిడ మొక్కుతోంది. నేనేమో రావాలని మొక్కుతున్నా."

డాక్టరమ్మ అతనికి మంచినీళ్ళిచ్చి, బయట ఉన్న ఇంకొకరిని చూసి వచ్చింది. తర్వాత డాక్టరమ్మ మళ్ళీ పట్టీ చుట్టింది. ఈసారి పెదవి విరవలేదు.

"మీ మొక్కే ఫలించింది," అంది. "ఆవిడ మొక్కు సంగతి మీరు చూసుకోండి."

ఇంట్లో భార్య, "ఇక సైకిలు మెట్ల కిందకి తోసెయ్యనా?" అని అడిగింది. "దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు. మర్నాడు దానిమీదే డిపోకు వెళ్ళి, బస్సెక్కాడు. స్టీరింగు చేతికి తగలగానే ప్రాణం లేచొచ్చింది. ప్రతి స్టాపులోనూ వేళకు ఆగి, వేళకు కదిలాడు. డిపోలో పెట్టిన పేరు ఎక్కడికీ పోలేదు.

కాలువ మలుపు వచ్చింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. కండక్టరమ్మ గంట కొట్టి, "రైట్, రైట్!" అంది. అప్పుడే అద్దంలో కనిపించింది, అవతలి పక్క బస్సు దిగుతున్న పెద్దావిడ. చెయ్యెత్తింది.

"అన్నయ్యా, రైట్ అన్నానుగా! నిద్రపోయావా?"

వెనక ఎవరో గొణిగారు. వేళ మించిపోతోంది. అతని మెడ నరం పాత అలవాటు కొద్దీ ఒకసారి బిగిసింది. అతను మాత్రం బ్రేకు మీది కాలు తియ్యలేదు. ఆవిడ రోడ్డు దాటడానికి ఎంతసేపు పట్టిందో అంతసేపూ అలాగే ఉన్నాడు.

ఆవిడ ఆయాసపడుతూ ఎక్కి, కమ్మీ పట్టుకుని, అతని మొహంలోకి చూసింది.

"అరె, సైకిలు బాబూ! నువ్వు డ్రైవరువా?"

"అవునమ్మా."

"మరి ఆ రాక్షసుడో?"

కండక్టరమ్మ టికెట్టు చించబోతూ ఆగిపోయింది.

"బదిలీ అయిపోయాడమ్మా," అన్నాడతను. "ఇక రాడు."

"హమ్మయ్య," అంటూ ఆవిడ సీట్లో కూలబడింది. తనూ అదే మాట లోలోపల అనుకుని, అతను బస్సు కదిలించాడు.