గోడ వెంట స్వీట్‌కార్న్

యలమంద పెరట్లో స్వీట్‌కార్న్ పెట్టడానికి కారణం భార్య పళ్ళు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళతో "జాగా ఖాళీగా ఉంది గదా" అన్నాడు.

రాఘవమ్మకి కిందటేడు దవడ పళ్ళు పీకేశారు. అప్పటినుంచి కాల్చిన మొక్కజొన్న పొత్తు జోలికి పోలేదు. ఓరోజు గుంటూరు బస్టాండులో ఉడికించిన స్వీట్‌కార్న్ కప్పు కొనిపెడితే, బస్సొచ్చినా లేవకుండా అడుగుదాకా తిని, "మెత్తగా ఉందయ్యా" అంది. బస్సు వెళ్ళిపోయింది. యలమంద మర్నాడు పోయి విత్తనాల పొట్లం తెచ్చాడు.

పొలం కౌలుకిచ్చి నల్లపాడులో ఉంటున్నాడు గానీ, బుద్ధెరిగినప్పటినుంచి మిరపా పత్తీ వేసిన చెయ్యి. పొట్లం వెనక ఏదో రాసి ఉంది.

"చదవ్వా?" అంది రాఘవమ్మ.

"కాయితం చూసి గింజ పెట్టే ఖర్మ నాకేంటే?"

తాడు కట్టి, ప్రహరీ వెంట ఒక్కటే సాలు, తిన్నగా పెట్టాడు. చివర్లో పొట్లం చిరిగి, మిగిలిన గింజలు కుళాయి దగ్గర తడిమట్టిలో చెల్లాచెదురుగా పడ్డాయి. అవీ మొలిచాయి. పీకబోతే రాఘవమ్మ అడ్డుపడింది. "అవేం చేశాయి నిన్ను? ఉండనీ."

గోడ పక్కవి ఏపుగా పెరిగాయి. పీచు ఎండాక యలమంద ఒక పొత్తు విరిచి ఒలిచాడు. ఇక్కడో గింజ, అక్కడో గింజ, మధ్యలో ఉత్త బెండు. ఇంకోటి ఒలిచాడు. అదీ అంతే.

పక్కింటి సర్దార్‌బీ గోడ మీంచి చూసింది. "ఏంది యలమందన్నా, చిలకలు కొట్టినయ్యా?"

"తొక్క విప్పకుండా చిలక ఎట్టా తింటదమ్మా?"

"మరి?"

"రకమే అంత."

రాఘవమ్మ వాటినే ఉడకబెట్టి, దొరికిన గింజ దొరికినట్టు గిల్లుకుని తింది. "తీపిగానే ఉంది. తొందరగా అయిపోయింది" అంది. యలమందకి ఆ పూట అన్నం సయించలేదు.

సాయంత్రం ఊరికే కుళాయి దగ్గరి పొత్తొకటి ఒలిచాడు. మొదలునుంచి కొసదాకా గింజ నిండుగా ఉంది. అక్కడే చతికిలబడి, ఆ గుంపునీ గోడ పక్క సాలునీ మార్చి మార్చి చూశాడు. పైన పూత పొడి పక్క మొక్క పీచు మీద రాలితేనే గింజ కడుతుంది. ఒంటి సాలు పొడిని గాలి ఎటు తీసుకుపోయిందో తెలుస్తూనే ఉంది.

"మన పుప్పొడంతా సర్దార్‌బీ వాకిట్లోకి పోయిందే" అన్నాడు.

లోపలికెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, చిరిగిన పొట్లం వెనక చదివాడు.

"ఏం రాశారు?"

"ఏముంది, మామూలే" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మళ్ళీ విత్తనం తెచ్చి, ఈసారి పెరడు మధ్యన చదరంగా, సాలు పక్కన సాలు పెట్టాడు. స్కూటరు వీధిలోకి పోయింది. దండెం ఊడింది.

"బట్టలెక్కడ ఆరేసేది?"

"గోడుంది గదా."

పూతకొచ్చాక రోజూ పొద్దున్నే వెళ్ళి ఒక్కో మొక్కనీ పట్టుకుని కుదిపేవాడు. సర్దార్‌బీ చూసి, "ఏం చేస్తన్నావన్నా?" అంది.

"పలకరిస్తన్నా."

మొదటి పొత్తు నిండుగా వచ్చింది. రాఘవమ్మ ఉడకబెట్టుకుని అరుగు మీద కూర్చుని తినడం మొదలెట్టింది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు. ఆమె సగం దాకా తినేసింది.

"ఎట్టా ఉంది?" అన్నాడు చివరికి.

"ఉప్పు తక్కువైంది."

యలమంద ఉప్పు తేవడానికి లోపలికెళ్ళాడు.