ఖాళీ గడిలో సున్నా

ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా కుర్చీలో కూలబడ్డాడు. ఫ్యాక్టరీలో ఏదో మునిగిందని ఆవిడకు అర్థమైంది.

కూతురు జ్వరంతో పోయినప్పటినుంచి ఆ ఇంట్లో మాటలకు కరువేమీ రాలేదు. గ్యాసు గురించి, కరెంటు గురించి భార్యాభర్తలు బోలెడు మాట్లాడుకుంటారు. పిల్ల ఊసు మాత్రం రాదు. దాన్ని ‘పిడుగు’ అని పిలిచేది ఆయనే. ఆ మాట ఆయన నోట మళ్లీ ఒక్కసారి వినాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది.

“ఏమైందండీ?”

“ట్యాంకులో కలిపిన ద్రవాలు రెండు పొరలుగా విడిపోయాయి. కలిసే ఉంటాయని చెప్పింది నేనే.”

ఏ ద్రవం దేనితో కలుస్తుందో కలపకముందే చెప్పడం ఆయన ఉద్యోగం. అణువును చిన్నచిన్న గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపు వాటా ఎంతో, దానికి మిగతా గుంపులతో పొత్తు ఎంతో పట్టికలో చూసి లెక్క కడతాడు. పెళ్లిళ్ల పేరయ్యలకైనా ఇంత ధీమా ఉండదని ఆవిడ ఎన్నోసార్లు ఆటపట్టించింది.

“లెక్క తప్పారా?”

“లెక్క బాగానే ఉందే. పట్టికలో రెండు గుంపుల పొత్తు ఉండాల్సిన గడి ఖాళీగా ఉంది. ఎవరూ కొలవలేదు. సున్నా వేసుకుని ముందుకెళ్లిపోయా.”

“సున్నా అంటే వాటికి ప్రేమా లేదు, పేచీ లేదనేగా? కొలవకుండా ఎలా తెలిసింది?”

“కెమిస్ట్రీ నీకింకా గుర్తుందే!”

“గిన్నెలతోపాటు తోమేశాననుకున్నారా?”

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. “కొలవాలంటే రెంటినీ ఒకే పాత్రలో పోసి, కుదిపి, పక్కన కూర్చుని చూడాలి. అంత ఓపిక లేకపోయింది.”

ఆవిడ స్టవ్వు ఆర్పి వచ్చి ఆయనకెదురుగా కూర్చుంది.

“నేనూ అదే పని చేశాను. పిల్ల పోయినప్పుడు మీరు ఏడవలేదు. మీకేం పట్టలేదని తీర్మానించేసుకున్నా.”

ఆయన వంగి చెప్పులు విడిచాడు.

“రోజూ బడి మీదుగానే వెళ్తున్నా. చుట్టుదారే. సాయంత్రం గేటు దగ్గర ఆగుతా. పిల్లలంతా వెళ్లిపోయేదాకా. మన పిడుగు ఎప్పుడూ ఆఖర్నే వచ్చేదిగా...”

ఆవిడ తన కుర్చీని ఆయన దగ్గరికి జరుపుకుంది.

“ఒక్కరే వెళ్లారా ఇన్నాళ్లూ? రేపు నన్నూ తీసుకెళ్లండి.”

“నిన్నటితో సెలవులిచ్చేశారే. గేటుకి తాళం.”

“తాళమే చూద్దాం లెండి,” అందావిడ.