ముడి లేని బొంత

నేను ఒక బొంతను. పరుపులకూ రజాయిలకూ ఉన్నట్టు నాకు దుకాణం చరిత్ర ఏమీ లేదు. నన్నెవరూ బేరమాడలేదు, కొలత చూసి కొనుక్కోలేదు. నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పడుకుని నిద్రపోతే నేను పుట్టాను. అందుకే నాకు మెలకువ తక్కువ. చెప్పే కథలో అక్కడక్కడా కునికిపాట్లు పడితే ఏమీ అనుకోకండి, అది నా పుట్టుకలోనే ఉంది.

నా పుట్టిల్లు సామర్లకోట స్టేషనుకు కూతవేటు దూరంలో, రైల్వే క్వార్టర్ల మధ్య ఉన్న ఒక పాత హాలు. ఒకప్పుడు మగవాళ్ళు అక్కడ క్యారమ్స్ ఆడుకునేవారట. బోర్డు విరిగాక రావడం మానేశారు. ఆ ఖాళీలోకి ప్రతి గురువారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకుని ఆడవాళ్ళు వచ్చేవారు. ఒకరు ఊలు అల్లేవారు, ఒకరు పూసలతో పర్సులు కుట్టేవారు, ఇంకొకరు దిండు గలీబుల మీద చిలకల్ని కూర్చోబెట్టేవారు. చేతిలో ఏ పనీ లేనివాళ్ళు కబుర్లు తెచ్చేవారు, అవీ అవసరమే. భర్తలు దీన్ని ‘గురువారం మేళం’ అని వెక్కిరించేవారు. చలికాలం రాగానే ఆ వెక్కిరించినవాళ్ళే మేళంవారి స్వెట్టర్లు తొడుక్కుని డ్యూటీకి వెళ్ళేవారు.

మేళంలో ఒక ఆనవాయితీ ఉంది. వాళ్ళలో ఎవరు నీళ్ళోసుకున్నా, పుట్టబోయే బిడ్డకు అందరూ కలిసి ఒక బొంత కుట్టాలి. కొత్త గుడ్డ పనికిరాదు, పసివాళ్ళ ఒంటికి గరుకు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలే కావాలి. నేను పుష్పలత బిడ్డ కోసం మొదలయ్యాను. పుష్పలత భర్త టికెట్ల కౌంటర్లో గుమాస్తా. ఆమె ఊరికి కొత్త, మాట మెత్తన, ఏం చెప్పాలన్నా ముందు నేల వంక చూసేది.

నలుగురు నాలుగు చీరలు ఇచ్చారు. మొదట్లో ఆ నాలుగు చీరలకూ వేరువేరు కలలు వచ్చేవి. ఎస్తేరమ్మ ఇచ్చిన తెల్లచీరకు ఆసుపత్రి వరండాలు, ఫినాయిల్ వాసన కలలోకి వచ్చేవి, ఆవిడ రిటైరైన నర్సు. స్టేషన్ రోడ్డులో జాకెట్లు కుట్టే జరీనా ఇచ్చిన ఆకుపచ్చ చీర ఏదో పెళ్ళిలో పెద్ద డేగిసా పక్కన నిలబడి పొగకు కళ్ళు తుడుచుకునేది. పుష్పలత తల్లి పంపిన పసుపుచీరకు ఎప్పుడూ ఒకటే కల, దండెం మీద గాలికి ఊగడం. వరహాలమ్మ ఇచ్చిన ఇటుకరంగు చీర మాత్రం పట్టాల పక్క కంకర మీద క్యారేజీ పట్టుకుని నడుస్తూ ఉండేది. కుట్లు పడేకొద్దీ ఆ కలలు ఒకదానిలోకి ఒకటి కారాయి. తెల్లచీర గాలికి ఊగింది. పసుపుచీరకు బిరియానీ వాసన తగిలింది. కొన్నాళ్ళకు ఏ కల ఎవరిదో మాకే తెలియకుండా పోయింది, అప్పుడు నేను ‘నేను’ అనుకోవడం మొదలుపెట్టాను.

వరహాలమ్మ గురించి కాస్త చెప్పాలి. గ్యాంగ్‌మన్ భార్య, భర్త పోయాక ఈ మేళాన్ని మొదలుపెట్టింది ఆవిడే. అందరికీ మామ్మగారు. ఆవిడ కుట్టు బియ్యపు గింజంత. నన్ను నేల మీద పరిచి నలుగురూ నాలుగు వైపులా కూర్చుంటే, కిటికీ వైపు ఎప్పుడూ ఆవిడది. ఆవిడ పెట్టిన నియమాలు రెండు. గూడ్సు బండి వెళ్తుంటే నేల అదురుతుంది కాబట్టి అందరూ సూదులు పైకెత్తి ఆగాలి. ఎంత పొడుగు గూడ్సయినా సరే, చివరి పెట్టె దాటేదాకా గాలిలో సూదులు పట్టుకుని కూర్చునేవారు. ఆ కాసేపూ హాలంతా ఒకే కల కంటున్నట్టు ఉండేది. రెండో నియమం, దారం చివర ముడి వేయకూడదు. మొదలుపెట్టేటప్పుడు ఒకే చోట రెండుసార్లు వెనక్కి కుట్టి ముందుకు పోవాలి.

“ముడేస్తే ఏమవుద్దండీ మామ్మగారూ?” అని పుష్పలత అడిగింది ఓసారి.

“నీకేం అవదు. అందులో పడుకునేదానికి అవుద్ది. పసిదాని వీపు కింద ముడంటే మనకి గులకరాయమ్మా.”

ఆ ఏడాది మామ్మగారి కుట్టు మారింది. అది అందరికంటే ముందు నాకే తెలిసింది, గుచ్చుకునేది నాకే కదా. సూది ఒకచోట దిగబోయి ఆగేది, తడుముకునేది, పక్కన దిగేది. వరస బుద్ధిగానే బయలుదేరేది, సగంలో ఎవరో పిలిచినట్టు అటు తిరిగేది. ఆవిడకు చూపు తగ్గిపోతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంటి దగ్గరే మనవరాలి చేత సూదులన్నింటికీ దారం ఎక్కించుకుని, జాకెట్టుకు గుచ్చుకుని వచ్చేది. దారం అయిపోతే ఇంకో సూది తీసేది. మనుషులు ఎంత పనిమంతులో, దాచుకోవడంలో అంతకు రెట్టింపు పనిమంతులు.

వెలుగు తగ్గకముందే ఆవిడ లేచి వెళ్ళిపోయేది. అలా వెళ్ళిన ఒక సాయంత్రం మిగిలిన ముగ్గురూ నా మీదికి వంగారు.

“ఇదేంటండీ ఇలా పోయింది?” అంది జరీనా, వరస మీద వేలు పెట్టి.

“గట్టిగా అనకు. ఆవిడ చెవిన పడితే మనసు చివుక్కుమంటది. మనమే విప్పి తిన్నగా కుట్టేద్దాం. ఆవిడకి తెలియక్కర్లేదు,” అంది ఎస్తేరమ్మ. చేదు మందును తేనెలో రంగరించి ఇచ్చి ఇచ్చి అలవాటు పడ్డ చెయ్యి ఆవిడది.

“నాకు వంకరైనా ఫర్వాలేదండి,” అంది పుష్పలత నేల వంక చూస్తూ. అప్పుడే ఏదో ఎక్స్‌ప్రెస్ వెళ్ళడంతో ఆ మాట ఎవరికీ వినపడలేదు. నాకు వినపడింది, కానీ నాకు నోరెక్కడిది?

జరీనా కత్తెర తీసింది. మామ్మగారి కుట్లు ఒక్కొక్కటే తెగి ఊడివచ్చాయి. వాటి చోట గీత గీసినట్టు జరీనా కుట్లు పడ్డాయి. ప్రతి గురువారం ఇదే తంతు. పగలు ఆవిడ కుట్టేది, ఆవిడ గుమ్మం దాటగానే వీళ్ళు విప్పి మళ్ళీ కుట్టేవారు. ముగ్గురి ముఖాల్లోనూ పుణ్యం చేస్తున్న కళ ఉండేది. నాకు మాత్రం ఒళ్ళంతా సలుపు.

అసలు బాధ ఏమిటంటే, మామ్మగారు సంతోషపడింది. వచ్చి కూర్చోగానే ముందు వారం కుట్టిన వరసను ఎడమ బొటనవేలితో తడిమి చూసుకోవడం ఆవిడ అలవాటు. వేలికి తిన్నటి గీత తగిలేది. ముఖం విప్పారేది. “కళ్ళు పోతే పోనీ, చెయ్యి ఉంది నాకు” అని లోలోపల అనుకునేదని ఆ వేలి ఒత్తిడిని బట్టే నాకు తెలిసేది. ఆ ధైర్యంతోనే ఆవిడ గురువారాలు నడిచాయి. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ ఉండి, ఒకరినొకరు అంత చక్కగా మోసం చేసుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆ తర్వాత పెళ్ళిళ్ళ రోజులు వచ్చాయి. జరీనా కొట్టులో జాకెట్లు గుట్టలు పడ్డాయి. ఓ సాయంత్రం తొందరలో, చేతి అలవాటున, దారం చివర ముడి వేసి కుట్టేసింది.

తరువాతి గురువారం మామ్మగారి బొటనవేలు గీత వెంట హాయిగా జారుతూ వచ్చి ఆ ముడి దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. ఆవగింజంత ముడి. ఆ వేలు చల్లబడడం నాకు తెలిసింది.

“ఇదెవరిదమ్మా?” అంది.

జరీనా సూది ఆగిపోయింది. బయట గూడ్సు కూడా లేదు, చేతులెత్తి కూర్చోవడానికి వంకైనా దొరకలేదు వాళ్ళకు.

“నేను ముడి వెయ్యను. అయితే ఈ వరస నాది కాదు. దీనెనకాల వరస?” వేళ్ళు గబగబా తడిమాయి. “ఇదీ నాది కాదేమో. ఇన్నాళ్ళూ మీ కుట్లు చూసుకుని నేను మురిసిపోతన్నానన్నమాట.”

“మామ్మగారూ, మీరు బాధపడతారని...” అంటూ ఎస్తేరమ్మ దగ్గరికి రాబోయింది.

“లేదమ్మా, బానే కుట్టారు,” అంది మామ్మగారు. జాకెట్టుకు గుచ్చుకున్న సూదులన్నీ ఒక్కొక్కటే తీసి నా మీద పెట్టింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ గోడ పట్టుకోవడం వాళ్ళు చూడడం అదే మొదటిసారి.

తర్వాతి గురువారం ఆవిడ రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు. మేళంలో కబుర్లు ఇంకిపోయాయి. కిటికీ వైపు చోటు ఖాళీగా ఉంది, అందులో ఎవరూ కూర్చోలేదు. పుష్పలతకు నెలలు నిండుతున్నాయి, నేను ఒక పక్క పూర్తికాకుండా పడి ఉన్నాను.

అప్పుడు జరీనా నన్ను ఒళ్ళో వేసుకుని, కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. పాత నూలుకు ఒక గుణం ఉంది, సూది దిగిన చోటును అంత త్వరగా మరచిపోదు. మామ్మగారి మొదటి కుట్లు పోయినా వాటి రంధ్రాలు నా ఒంటి మీద అలాగే ఉన్నాయి. వెలుగులో అవి చుక్కలు చుక్కలుగా మెరిశాయి. జరీనా ఒక్కో చుక్క మీదా వేలు పెట్టి చూసింది. తర్వాత తన తిన్నటి కుట్లను తనే తెంపింది. మామ్మగారు వదిలి వెళ్ళిన సూది తీసుకుని, ముడి వేయకుండా వెనక్కి రెండుసార్లు కుట్టి, ఆ రంధ్రాల వెంటే బయలుదేరింది. జన్మలో గీత తప్పనిది, ఒక్కో రంధ్రం వెతుక్కుంటూ వంకర కుట్టింది. ఎస్తేరమ్మ రెండో వైపు నుంచి అందుకుంది. పుష్పలత పొట్ట అడ్డం రాకుండా పక్కకు ఒరిగి, సూదులకు దారం ఎక్కించి ఇచ్చింది. జరీనా కన్నీళ్ళు నా మీద పడ్డాయి. ఉప్పునీళ్ళు నూలుకు మంచివే.

ముగ్గురూ నన్ను మడత పెట్టి మామ్మగారి ఇంటికి తీసుకెళ్ళారు. ఆవిడ అరుగు మీద కూర్చుని, చింతపండులో పిక్కలు తీస్తోంది. వచ్చినవాళ్ళెవరో అడుగుల చప్పుడుకే పోల్చుకుంది. జరీనా నన్ను ఆవిడ ఒళ్ళో పరిచింది.

చేతులు కడుక్కుని, తుడుచుకుని, మామ్మగారు బొటనవేలు పెట్టింది. వేలు బయలుదేరింది, తిరిగింది, ఎక్కడికో పోయి మళ్ళీ వచ్చింది.

“ఇదెవరిదే? తాగినోడు ఇంటికొచ్చినట్టుంది!”

“మీదేనండి మామ్మగారూ,” అంది జరీనా. “విప్పేసిందాన్ని నేనే. మీ బెజ్జాలు పట్టుకుని మళ్ళీ అలాగే కుట్టాం.”

వేలు వరస మొదటికి వెళ్ళి అక్కడ నొక్కి చూసింది. ముడి లేదు. మామ్మగారు ముందు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నాకు రెండూ ఒకేసారి తగిలాయి.

“ఇంత వంకరగా కుడతన్నానా! ఒక్కరైనా చెప్పరేంటే?”

“మీరు మాత్రం కళ్ళు కనపడట్లేదని చెప్పారేంటండీ?” అంది ఎస్తేరమ్మ.

“నీటికాసులంట. పోయిన చూపు రాదని చెప్పేశాడు డాక్టరు. చెబితే మీరంతా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి మర్యాద చేస్తారు. నాకు మర్యాద వద్దే. సూది కావాలి.” నా మీద వేలు ఆనించి, “ఇకమీదట వంకరపోతే చెప్పండి, నేనే విప్పుకుంటాను,” అంది.

“విప్పొద్దు!” అంది పుష్పలత. ఈసారి నేల వంక చూడలేదు, ఏ రైలూ అడ్డం రాలేదు. “నా బిడ్డకి ఇలాగే కావాలి మామ్మగారూ. మిగిలిందీ మీరే కుట్టండి.”

ఆ రోజు నుంచి మేళంలో మూడో నియమం వచ్చింది. ఎవరి కుట్టు వాళ్ళే విప్పుకోవాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. మిగిలిన పక్కంతా మామ్మగారే కుట్టింది. పక్కన కూర్చున్న జరీనా “కాస్త ఎడమకండి” అనేది. ఆవిడ వింటే వినేది, లేకపోతే లేదు.

పుష్పలతకు ఆడపిల్ల పుట్టింది. పేరు హైమ. హాయిగా పడుకోవడం తప్ప నాకు వేరే ఉద్యోగం లేని రోజులవి. తడిపేది, ఎండబెట్టేవారు, మళ్ళీ తడిపేది. కాస్త పెద్దయ్యాక దానికి ఒక అలవాటు వచ్చింది. నిద్ర పట్టకపోతే వేలు పెట్టి నా మీద వరసలు తడిమేది. తిన్నటి వైపు దానికి నచ్చేది కాదు. వంకర వైపుకు తిరిగి, వేలిని కుట్ల వెంట పోనిచ్చి, “కాలవ... కాలవ...” అంటూ ఆ కాలవ ఎటు తిరిగితే అటు పోయి, మలుపులో ఎక్కడో నిద్రపోయేది. ఒకసారి మామ్మగారు చూడ్డానికి వచ్చి, పక్కన కూర్చుని, ఆ చిన్నవేలి మీద తన వేలు వేసింది. రెండూ కలిసి ఆ చివరిదాకా వెళ్ళాయి. కొన్నేళ్ళకు మామ్మగారు పోయింది. ఆ వేలి ఒత్తిడి ఇప్పటికీ నా ఒంటి మీద ఉంది.

మనుషులు బొంతను ఎన్ని పనులకు వాడతారో మీకు తెలియంది కాదు. నా మీద ఇస్త్రీ చేశారు, వడియాలు ఎండబెట్టారు, ఇల్లు మారేటప్పుడు టీవీకి చుట్టారు. ఒక పిల్లి నా మీదే ఈనింది, అది నాకు గర్వకారణం. అంచులు పీలికలై, పసుపూ ఆకుపచ్చా ఒకే మట్టిరంగులోకి దిగిపోయాక, నన్ను పాతసామాన్లవాడికి ఇచ్చేద్దామని ఇంట్లో ఎవరో అన్నారు. హైమ వినలేదు. నన్ను చంకలో పెట్టుకుని హాలుకు తీసుకెళ్ళింది.

హాలుకు కొత్త సున్నం వేశారు. కిటికీ వైపు ఇప్పుడు జరీనా కూర్చుంటోంది, జుట్టంతా తెల్లబడింది. ఆవిడ మనవరాలు నీళ్ళోసుకుందట. కింద ఒక చీర, పైన ఒక చీర పరిచి, మధ్యలో నన్ను పెట్టారు. మాకు చావు అంటే ఇదే, ఇంకో బొంతకు కడుపు కావడం. పైచీర కప్పగానే చీకటి పడింది. ఎవరివో కొత్త కలలు రెండు పక్కల నుంచీ మెల్లగా నాలోకి కారడం మొదలైంది.

దూరంగా గూడ్సు వచ్చింది, నేల అదిరింది, పైన చేతులన్నీ ఆగాయి. చివరి పెట్టె దాటింది. హైమ గొంతు వినపడింది, “నేను మొదలెట్టనా జరీనా నానీ?” సూది దిగింది. దారం నాలోంచి పోతుంటే, దాని చివర ఏం తగులుతుందోనని ఎదురుచూశాను.

ముడి లేదు. సూది వెనక్కి వచ్చింది, అదే చోట ఇంకోసారి దిగింది, తర్వాత ముందుకు పోయింది, కాస్త వంకరగా.