'నావాళ్లు' అనే గడి

నా చేతిలోంచి బోటు స్టీరింగు లాగేసినవాడు నాగబాబు. పరాయివాడు కాదు, నా భార్య చిలకమ్మకి అన్న. బోటు వాడిదే కావచ్చు, ఇన్నేళ్లూ దాన్ని సముద్రంలోకి తీసుకెళ్లి తెచ్చింది నేను. ఐదో తరగతితో బడి మానేసిన నన్ను హార్బరులో సరంగు అని పిలిచేది అందుకే. నాగబాబు ఎంత మంచివాడో జెట్టీ మీద అందరూ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

ఆ మధ్య రుషికొండలోని కంప్యూటర్ల ఆఫీసు నుంచి హిమబిందు అనే అమ్మాయి వచ్చింది. మనిషి ఒంటి సంగతులన్నీ ఫోనులో దాచుకునే యాప్ తయారుచేస్తున్నారట. వాడబోయేవాళ్లని ముందే అడిగి తెలుసుకోవాలట. ఐసు ఫ్యాక్టరీ నీడలో కూచోబెట్టి, కాగితం మీద గీసిన ఫోను నా ముందు పెట్టింది. నేను వేలితో నొక్కితే ఆ కాగితం తీసి ఇంకోటి పెడుతుంది. అదే తెర మారడమట. కాగితం గాలికి ఎగరకుండా ఒక ఐసుముక్క పెట్టాను. అది కరిగి, ఎర్ర ఇంకుతో గీసిన గుండె నీళ్లలో పారి నా వేలికి అంటుకుంది.

"ఒంట్లో ఎలా ఉంటుందో మీ మాటల్లోనే చెప్పండి" అంది. నన్ను అలా అడిగినవాళ్లు లేరు.

"ఒక్కోపాలి సముద్రం సప్పుడు మానేత్తాదమ్మా. నీలన్నీ పాలు పోసినట్టు తెల్లగయిపోతాయి. యారాడ కొండ ఊడొచ్చి నా మీదకి తేలుకుంటా వత్తాది. బయ్యం ఏయదు. ఊయల్లో ఉన్నట్టుంటాది. ఎవుడో బుజం తడితే మల్లా ఇంజను ఇనపడతాది."

ఆమె రాయడం ఆపింది. "డాక్టరుకి చూపించుకున్నారా?"

"సరంగుకి జబ్బంటే బోటెవుడిత్తాడమ్మా?"

"ఇందులో మీ సంగతులు మీరు ఎంచుకున్నవాళ్లకే కనపడతాయి" అంటూ చివరి కాగితం పెట్టింది. దాని మీద 'నావాళ్లు' అని ఒక గడి. అందులో భార్య పేరు చెబుతానని ఆమె అనుకుని ఉండాలి. కానీ వేటలో ఉన్నవాడికి ఒడ్డున వైర్‌లెస్ ఎవడి చేతిలో ఉంటే వాడే తనవాడు. కబురందితే చిలకమ్మ ఏడుస్తుంది, నాగబాబు ఇంకో బోటు పంపుతాడు. ఆ గడి చూస్తే, మునిగితే ఎవరికి చెప్పాలని అడిగినట్టే అనిపించింది. ఏ సరంగైనా ఓనరు పేరే చెబుతాడు. నేనూ నాగబాబు పేరే చెప్పాను. యాప్ తయారయ్యాక ఆమె మళ్లీ వచ్చి, నేను చెప్పినవన్నీ ఎక్కించి నా ఫోనులో వేసి, గుండె కొట్టుకోవడం చూసే నల్లపట్టీ ఒకటి చేతికి కట్టింది.

ఆ తర్వాతి వేట ముగించుకుని పొద్దున్నే మంచులో తిరిగొస్తున్నాం. కొండ మళ్లీ తేలింది. ఈసారి దాని మీద మా అమ్మ కాసులమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. తట్టలోంచి నీళ్లకి బదులు వెలుతురు కారుతోంది. ఆ వెలుతురు చుక్కల వెంట నేనూ నడిచాను, నీళ్ల మీద, పాదాలు తడవకుండా. ఆమె వెనక్కి తిరగబోతుండగా ఇంజను వినపడింది.

స్టీరింగు దగ్గర మా బోటులో పనిచేసే పైడయ్య ఉన్నాడు. నా చేతి పట్టీ ఎర్రగా వెలుగుతోంది. అప్పటికే నా ఫోనుకి ఒడ్డు సిగ్నలు అందింది.

జెట్టీ మీద నాగబాబు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "ఏటి బావా, గుండె ఆగి ఆగి కొట్టుకుంతందంట. నీ ఫోనే సెప్పింది. కొండ తేలుకుంటా వత్తాదని కూడా అందులో రాసుంది."

"కునుకట్టింది బావా, అంతే."

"కునుకులోనే గేరేసీసాడు. బోటు ఎక్స్‌ప్రెస్ బండినాగొచ్చింది" అన్నాడు పైడయ్య. అందరూ నవ్వారు. నాగబాబు నవ్వలేదు.

పక్కకెళ్లి హిమబిందుకి ఫోను చేశాను. "మా బావకి కనపడింది ఎనక్కి తీసీమ్మా."

"ఇకమీదట కనపడకుండా చేస్తానండీ. చూసేసింది మాత్రం..." ఆమె గొంతు తగ్గింది. "ముందు ఆసుపత్రికి వెళ్లండి. ఆ గడి మార్చి గీస్తాం."

"గీసుకోండమ్మా" అని పెట్టేశాను.

నాగబాబు వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు కొండెనకాల పోతే బోటు రాయెక్కుతాది. ఆరుగురున్నారు బావా. డాక్టరు కాడికి నాను తీసుకెల్తాను. ఇంక ఒడ్డున వల కుట్టుకో."

"డాక్టరు బాగుందంటే స్టీరింగు ఇత్తావా?"

"ఇవ్వను" అన్నాడు.

పైడయ్య ఇప్పుడు సరంగు. డీజిలు ఖర్చూ ఓనరు పాలూ తీసేశాక సరంగుకి రెండు వాటాలు, వల కుట్టేవాడికి అర వాటా. నాగబాబు నా దగ్గర లాక్కున్నది వేటకి ఒకటిన్నర వాటా.