శభాష్, పుష్పమ్మక్కా

మార్కాపురం శివార్లలోని ఆ పలకల ఫ్యాక్టరీలో పుష్పమ్మను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి పద్మజ. అంతవరకూ ఆమె అందరికీ ‘అంచుల మిషనామె’. గని నుంచి వచ్చిన రాతిపలకలకు అంచులు నునుపు చేయడం ఆమె పని. మిషన్ తిరిగినంతసేపూ దుమ్ము లేచేది. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు పొర పేరుకునేది.

పద్మజది గిద్దలూరు. దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే చేసి, టీచరు ఉద్యోగం కోసం ఎదురుచూసి, విసిగిపోయి ఇక్కడ సూపర్‌వైజరుగా చేరింది. చేరిన రోజే ఓనరు విశ్వనాథం మొరపెట్టుకున్నాడు.

"ఆడోళ్లు సరిగా పనికి రారమ్మా. వచ్చినా ఏడుపు మొహాలే. నీ సదువేందో వాళ్ల మీద చూపించు."

పద్మజ చూపించింది. ఊరికే కాదు, మనసారా నమ్మి చూపించింది. పనికంటే ముందు మనిషిని గుర్తించాలని ఆమె చదువుకుంది. ఎవరి పక్కన కూర్చుని చేస్తారో వాళ్లనే ఎంచుకోనిచ్చింది. రోజూ పొద్దున అందరినీ ఒకచోట చేర్చి, నిన్న ఎవరి చేతిలో ఏ పని చక్కగా వచ్చిందో పేరుపేరునా చెప్పేది. మొదట్లో వాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత ఆ ఒక్క మాట వినడానికే పెందలాడే రావడం మొదలుపెట్టారు. మిషన్ల మధ్య పాటలు వినబడ్డాయి.

అందరికంటే ఎక్కువ మారింది పుష్పమ్మ.

"పుట్టి బుద్ధెరిగినాక నన్ను బాగా చేసినావు అన్నోళ్లు లేరు పాపా," అంది ఒకరోజు అన్నాల దగ్గర. "మా నాయన కూడా అనలేదు. నువ్వన్న మాట ఇంటికి పోయి చెప్తే నా కొడుకు నమ్మలేదు."

పద్మజ కళ్లు చెమర్చాయి. చదివిన చదువు వృథా పోలేదనుకుంది.

చలికాలం మొదట్లో పుష్పమ్మకు దగ్గు పట్టుకుంది.

"ఆసుపత్రికి పోయిరా అక్కా. సెలవు నేను ఇప్పిస్తా."

"వద్దులే పాపా. నేను రాకపోతే నా మిషన్ మీద జ్ఞానమ్మను కూచోబెడతారు. రేపు పొద్దున నువ్వు దాని పేరు చెప్తావు."

ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాడు పద్మజ అందరి ముందూ ఆమె భుజం మీద చెయ్యేసి, "ఒంట్లో బాగాలేకపోయినా పని మీద ప్రేమతో వచ్చింది చూడండి. శభాష్, పుష్పమ్మక్కా!" అంది. చప్పట్లు మోగాయి. పుష్పమ్మ దగ్గుతూనే మురిసిపోయింది. ఆ రోజు నుంచి మిగతావాళ్లు కూడా దగ్గును కొంగులో దాచుకోసాగారని పద్మజ చాలా ఆలస్యంగా గ్రహించింది.

దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించమని ఒకసారి ఆమె ఓనరును అడగకపోలేదు. విశ్వనాథం పెద్దగా నవ్వాడు.

"నువ్వు వచ్చినాక వాళ్లు ఏమన్నా కావాలని నోరు తెరిచినారా? నువ్వు ఉండగా ఫ్యాన్లెందుకమ్మా!"

ఆ మెప్పు ఆమెకూ తియ్యగానే తగిలింది. మళ్లీ అడగలేదు.

సంక్రాంతి వెళ్లాక పుష్పమ్మ మిషన్ పక్కనే కూలిపోయింది. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందనీ, ఇక తగ్గే జబ్బు కాదనీ ఒంగోలు డాక్టర్లు చెప్పి ఇంటికి పంపారు. పద్మజ చూడబోయింది. మంచం మీద పుష్పమ్మ గుప్పెడంత అయిపోయి ఉంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది.

"నా మిషన్ మీద... ఎవరు కూచున్నారు పాపా? అంచులు... బాగా వస్తా ఉండాయా?"

పద్మజ ఆమె దుప్పటి సర్ది లేచింది. బయటికి వస్తుంటే పుష్పమ్మ కొడుకు ఇమ్మానుయేలు వెంట వచ్చాడు. అతని గొంతులో కోపం కూడా లేదు.

"తిట్టేవాళ్లు ఉన్నప్పుడు, ఒళ్లు బాగాలేకుంటే మాయమ్మ ఇంట్లో పండుకునేది మేడం. నువ్వు మెచ్చుకున్నాక ఒక్క దినం కూడా మానలేదు."

మర్నాడు విశ్వనాథం ఆమెను పిలిచాడు. "ఆడోళ్లు బెదిరినారు. నీ మంచిమాటలు నాలుగు చెప్పి పనిలో కూచోబెట్టు."

పద్మజ వాళ్ల ముందు నిలబడింది. "అందరూ ఆసుపత్రికి పోయి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. ఫ్యాన్లు పెట్టేదాకా మిషన్ల దగ్గరికి పోవద్దు," అంది.

ఎవరూ కదల్లేదు. చివరికి జ్ఞానమ్మ లేచింది.

"పోకపోతే తినేదేంది? ఈ మాట మొదట్లో ఎందుకు చెప్పలేదు మేడం? అప్పుడు మాకు ఈ పని మీద ఇంత ఆశ లేదు."

అలా అని వెళ్లి పుష్పమ్మ మిషన్ ముందు కూర్చుంది. ఒక్కొక్కరే వెళ్లి ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు. మధ్యాహ్నానికి పద్మజను పనిలోంచి తీసేశారు.

ఎండాకాలంలో పుష్పమ్మ పోయింది. సమాధి దగ్గర ఫ్యాక్టరీ ఆడవాళ్లు పద్మజను చూసి తలలు తిప్పుకున్నారు. ఆమె దూరంగా నిలబడి, మన్ను కప్పడం అయ్యాక బస్సెక్కింది.

ఇప్పుడు ఆమె గిద్దలూరులో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తోంది. తన కింద పనిచేసే ఆడపిల్లలు ఆమెను గర్విష్ఠి అనుకుంటారు. మొన్న వాళ్లలో ఒకమ్మాయి జ్వరంతోనే వచ్చి, చీరలన్నీ ముచ్చటగా సర్ది, మెచ్చుకుంటుందేమోనని ఆశగా ఆమె ముఖంలోకి చూసింది.

"ఇంటికి పో," అంది పద్మజ కటువుగా.

ఆ పిల్ల ఏడ్చుకుంటూ వెళ్లింది.